కొటేషన్ రోజునే తేలిపోయే నాణ్యత

సంపాదకులకు,

పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ 2019లో ఉత్పత్తి మొదలుపెట్టింది. ఆదిభట్లలో హెలికాప్టర్ల భాగాలు తయారవుతున్నాయి. జహీరాబాద్‌లో ట్రాక్టర్లు ఎప్పటి నుంచో వస్తున్నాయి. ఇలాంటి పరిశ్రమ వచ్చిన ప్రతిసారీ పత్రికలు రాసే మాట ఒకటుంది: దీని చుట్టూ చిన్న యూనిట్లకు చేతినిండా పని దొరుకుతుందని. దొరకొచ్చు. కానీ దొరికిన ఆర్డరు రెండో ఏడాది కూడా చేతిలో ఉంటుందా లేదా అన్నది ఎవరూ రాయరు. ఆర్డరు రావడానికి మిషన్లు, రేటు చాలు. నిలవాలంటే, కొత్త భాగం డ్రాయింగ్ చేతికొచ్చిన రోజు నుంచి మొదటి లాట్ లారీ ఎక్కే రోజు దాకా మధ్యలో కొంత ఆలోచన జరగాలి. మన బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి, విజయవాడ ఆటోనగర్ యూనిట్లలో ఎక్కువగా కొరవడుతున్నది అదే. అందుకే ఈ ఉత్తరం.

ఈ ఆలోచనకు వాహన పరిశ్రమలో ఏపీక్యూపీ అని పేరు. ముందుగానే వేసుకునే నాణ్యతా ప్రణాళిక అన్నమాట. ఫోర్డ్, జనరల్ మోటార్స్, క్రైస్లర్ కంపెనీలు అప్పటిదాకా తమ సరఫరాదారులను తలా ఒక పద్ధతిలో అడిగేవి. 1994లో ముగ్గురూ కలిసి ఒకే పుస్తకం తెచ్చారు. 2008లో రెండో కూర్పు, 2024లో మూడో కూర్పు వచ్చాయి. మూడో కూర్పులో, ఏది దేనితో ఎంత తరచుగా కొలవాలో, తేడా వస్తే ఏం చేయాలో రాసుకునే కంట్రోల్ ప్లాన్‌ను విడదీసి దానికి వేరే పుస్తకమే కేటాయించారు. విమాన పరిశ్రమ 2016లో ఏఎస్ 9145 పేరుతో ఇదే పద్ధతిని తీసుకుంది. కాబట్టి ఇది కార్ల వాళ్ల గొడవ, మనకెందుకు అని ఆదిభట్లకు పని చేసే యూనిట్లు అనుకోవడానికి వీల్లేదు. మెట్లు అయిదు: ప్రణాళిక, భాగం డిజైన్, తయారీ పద్ధతి డిజైన్, రెండింటి నిర్ధారణ, తర్వాత వచ్చే ఫిర్యాదుల నుంచి దిద్దుబాటు. పేర్లు చదివితే కాగితాల పనిలా కనిపిస్తుంది. మన దగ్గర అది కాగితాల పనిగానే మిగిలిపోయింది కూడా. ఆడిట్‌కు నాలుగు రోజుల ముందు పాత ఫైలు తెరిచి, పార్ట్ నంబరు మార్చి, ప్రింటు తీసి ఫోల్డర్‌లో పెడతారు. ఆడిటర్ సంతకం పెట్టి వెళ్తాడు. ఆ ఫోల్డర్‌ను షాప్‌లో మిషన్ మీద నిలబడ్డవాడు ఒక్కసారి కూడా చూడడు.

అసలు ఆలోచన ఎలా ఉండాలో ఒక పిన్ను తీసుకుని చూద్దాం. వ్యాసం 20 మిల్లీమీటర్లు, టాలరెన్స్ హెచ్7. అంటే 20.000 నుంచి 19.979 దాకా, 21 మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) వెసులుబాటు. డ్రాయింగ్ కింద మూల చిన్న అక్షరాల్లో జింక్ ప్లేటింగ్ 8 మైక్రాన్లు కనీసం అని ఉంటుంది. కొటేషన్ వేసేవాడు బార్ ధర, సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే లేత్) గంట రేటు, ప్లేటింగ్ కిలో రేటు కూడి, పైన లాభం వేసి పంపేస్తాడు. అడగాల్సిన ప్రశ్న అడగడు: ఆ 21 మైక్రాన్లు ప్లేటింగ్‌కు ముందా, తర్వాతా?

తర్వాతే అయితే లెక్క మొత్తం మారిపోతుంది. పూత చుట్టూ పడుతుంది గనుక 8 మైక్రాన్ల పూత వ్యాసాన్ని 16 మైక్రాన్లు పెంచుతుంది. పైగా ఏ ప్లేటింగ్ షాపూ అచ్చంగా 8 వేయదు. 8 నుంచి 12 మధ్య పడిందంటే మంచి షాపే అనుకోవాలి. అప్పుడు వ్యాసంలో పెరుగుదల 16 నుంచి 24. ఇప్పుడు వెనక్కి లెక్కేస్తే, ప్లేటింగ్‌కు పంపే పిన్ను 19.976కు మించకూడదు, 19.963కు తగ్గకూడదు. డ్రాయింగ్ ఇచ్చిన 21 మైక్రాన్లలో మిషన్‌కు మిగిలింది 13. సీఎన్‌సీ టర్నింగ్‌తో 21 మైక్రాన్లు ఎలాగో లాక్కురావచ్చు గానీ 13 మైక్రాన్లను రోజూ మూడు షిఫ్టులూ నిలబెట్టడం కష్టం. సెంటర్‌లెస్ గ్రైండింగ్, అంటే తిరిగే రాతి చక్రంతో సన్నగా అరగదీయడం, కావాలి. అది వేరే మిషన్, వేరే ఖర్చు, చాలామందికి బయటి జాబ్‌వర్క్. కొటేషన్‌లో అది లేదు. రేటు ఖాయమైపోయింది. ఇక ఆరు నెలల పాటు ఆ యూనిట్‌లో రిజెక్షన్ ఎందుకొస్తోందని మీటింగులు పెడతారు. ఆపరేటర్‌ను తిడతారు, ఇన్‌స్పెక్టర్‌ను మారుస్తారు. తప్పు జరిగింది మాత్రం కొటేషన్ టైపు చేసిన మధ్యాహ్నం. ఏపీక్యూపీలో మొదట్లోనే సాధ్యాసాధ్యాల సమీక్ష అని ఒక షీటు ఉంటుంది. మన ఫైళ్లలో దాని మీద అన్ని గళ్లలోనూ ‘అవును’ అనే ఉంటుంది. ఒక్క గడిలోనైనా ‘కాదు’ అని రాసి కొనుగోలుదారుకు పంపిన యూనిట్లు అరుదు.

ఇదే పిన్ను గట్టిపరిచినదైతే ఇంకో ప్రమాదం పొంచి ఉంటుంది. ప్లేటింగ్‌కు ముందు యాసిడ్‌లో ముంచినప్పుడు, ప్లేటింగ్ తొట్టిలో ఉన్నప్పుడు ఉక్కులోకి హైడ్రోజన్ చేరుతుంది. ప్లేటింగ్ అయిన నాలుగు గంటల లోపు సుమారు 200 డిగ్రీల వేడిలో కొన్ని గంటలు బేకింగ్ చేస్తే అది బయటికి పోతుంది. చేయకపోతే పిన్ను పెళుసెక్కుతుంది. అయితే వెంటనే విరగదు. బిగించి బరువు పడ్డాక గంటలకో రోజులకో ఉన్నట్టుండి విరుగుతుంది. లాట్ మీ దగ్గర ఉన్నంతసేపూ వ్యాసం సరిగ్గానే ఉంటుంది, గట్టితనం సరిగ్గానే ఉంటుంది, పూత మెరుస్తూనే ఉంటుంది. మామూలు ఫైనల్ ఇన్‌స్పెక్షన్‌లో ఎన్నిసార్లు కొలిచినా దొరకదు. దీన్ని పట్టుకునే చోటు ఒక్కటే, ప్రక్రియను కాగితం మీద గీసే దశ. ప్లేటింగ్ పక్కన బేకింగ్ అనే గడి ఉందా? ఆ ప్లేటింగ్ షాపుకు ఓవెన్ ఉందా? ఉంటే తొట్టిలోంచి తీసిన టైము, ఓవెన్‌లో పెట్టిన టైము రాసే రిజిస్టరు ఉందా? సాయంత్రం ఏడుకు ప్లేటింగ్ చేసి పొద్దున వచ్చి ఓవెన్ పెట్టే షాపులో ఓవెన్ ఉన్నా లేనట్టే లెక్క.

తర్వాత కొలత. 13 మైక్రాన్ల వెసులుబాటును 10 మైక్రాన్ల కంటే చిన్న తేడా చదవలేని మామూలు మైక్రోమీటర్‌తో కొలవడమంటే బియ్యం కొట్టు తక్కెడలో బంగారం తూచడమే. వెసులుబాటులో పదో వంతును చదవగలిగే సాధనం ఉండాలన్నది షాపుల్లో అందరికీ తెలిసిన సూత్రం. ఇక్కడ అది నమూనాతో పోల్చి ఒక మైక్రాన్ తేడా చదివే కంపారేటర్, దాన్ని సున్నాకు పెట్టుకోవడానికి ఒక సెట్టింగ్ మాస్టర్, అంటే కచ్చితమైన కొలత తెలిసిన నమూనా. ఇవి ఆర్డరిస్తే మర్నాడు రావు. డ్రాయింగ్ వచ్చిన వారంలోనే ఇండెంట్ వేయాలి. మన దగ్గర గేజ్ చివర్లో గుర్తొస్తుంది. శాంపిళ్లు వెళ్లిపోయాక గేజ్ వస్తుంది, శాంపిళ్ల రిపోర్టులో కొలతలు మాత్రం మైక్రాన్‌తో సహా ఉంటాయి!

సాధనం వచ్చాక దాన్ని నమ్మొచ్చో లేదో చూడాలి. పది పీసులు, ముగ్గురు ఆపరేటర్లు, ఒక్కొక్కరు ఒక్కో పీసును రెండు మూడు సార్లు కొలవాలి. కొలతలో తేడా వెసులుబాటులో 10 శాతం లోపుంటే మంచిది. 10 నుంచి 30 మధ్య ఉంటే పనిని బట్టి ఒప్పుకోవచ్చు. 30 దాటితే ఆ సాధనాన్నో, పద్ధతినో మార్చాలి. ఇందులో జరిగే మోసం, మోసమని కూడా అనుకోకుండా జరిగేది, రెండు రకాలు. పది పీసులనూ ఒకే గంటలో తీసిన వాటిలోంచి ఏరుతారు. ప్రక్రియలో వచ్చే పెద్దా చిన్నా అన్నీ ఆ పదిలో ఉండాలి గదా. రెండోది, మొదటివాడు రాసిన అంకె రెండోవాడికి కనిపిస్తూ ఉంటుంది. పీసు నంబరు అడుగున రాసి, వరుస కలిపేసి ఇస్తేనే ఆ పరీక్షకు అర్థం.

మన ఎండల సంగతి పుస్తకాల్లో ఉండదు. కొలతలకు ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. ఉక్కు మీటరుకు, డిగ్రీకి సుమారు 11.5 మైక్రాన్లు సాగుతుంది. గ్రైండింగ్ మిషన్ నుంచి అప్పుడే దిగిన పిన్ను 45 డిగ్రీల్లో ఉండి, బల్ల మీది మాస్టర్ 30లో ఉంటే, 20 మిల్లీమీటర్ల వ్యాసంలో తేడా దాదాపు మూడున్నర మైక్రాన్లు. 13లో నాలుగో వంతుకు పైనే. షాప్ మొత్తం ఏసీ చేయనక్కర్లేదు. పిన్నూ మాస్టరూ రెండూ ఉక్కువే గనుక రెండూ ఒకే వేడిలో ఉంటే తేడా చాలామటుకు కొట్టుకుపోతుంది. మందపాటి ఉక్కు పలక మీద రెండింటినీ పక్కపక్కన కాసేపు ఉంచి కొలిస్తే చాలు. కానీ ఈ ‘కాసేపు’ ఎంతో కంట్రోల్ ప్లాన్‌లో నిమిషాల్లో రాసి ఉండాలి. లేదంటే పొద్దుటి షిఫ్ట్ ఆగుతుంది, టార్గెట్ వెనకబడ్డ రాత్రి షిఫ్ట్ ఆగదు.

శాంపిళ్ల విషయంలో మన అలవాటు మరీ ఘోరం. రెండు మిల్లీమీటర్ల రేకుతో బ్రాకెట్ అనుకోండి. ప్రెస్ టూల్ తయారీకి వారాలు పడుతుంది గనుక మొదటి శాంపిళ్లను లేజర్‌తో కోసి, చేత్తో వంచి పంపుతారు. అవి బిగుస్తాయి, బాగున్నాయంటారు, సంతకమైపోతుంది. టూల్ వచ్చాక తీసిన బ్రాకెట్ వేరే వస్తువు. లేజర్ అంచుకు లేని బర్ (పదునైన గరుకు అంచు) పంచ్ చేసిన అంచుకు ఉంటుంది, అదీ ఒకే వైపు. ఆ వైపు వైర్ తాకితే ఇన్సులేషన్ తెగుతుంది. వంపుకు మరీ దగ్గరున్న రంధ్రం, పంచ్ చేశాక వంచితే కోడిగుడ్డు ఆకారంలోకి సాగుతుంది. రేకు కాయిల్ మారితే వంపు కోణం అర డిగ్రీయో ఒక డిగ్రీయో వెనక్కి వస్తుంది. శాంపిల్ కోసం చేసిన తాత్కాలిక పద్ధతిని శాంపిల్ అనే చెప్పి పంపితే తప్పు లేదు, ప్రోటోటైప్‌కు వేరే కంట్రోల్ ప్లాన్ ఉన్నది అందుకే. ఉత్పత్తి ఆమోదానికి దాన్నే పంపడం తప్పు.

ఉత్పత్తి ఆమోదానికి పీపాప్ అంటారు. 2006 నాటి నాలుగో కూర్పు ప్రకారం అందులో 18 అంశాలు. కొనుగోలుదారు వేరే చెప్పకపోతే, అసలు టూల్‌తో, అసలు మిషన్ మీద, రోజూ నడిపే వేగంతో, రోజూ నడిపే మనుషులతో ఒక గంట నుంచి ఎనిమిది గంటలు నడిపి, కనీసం 300 పీసులు వరసగా తీయాలి. శాంపిళ్లను ఆ 300లోంచి తీసుకోవాలి. మన దగ్గర షాపులో అందరికంటే చెయ్యి తిరిగిన, మిషన్‌ను సిద్ధం చేసే సెటర్‌ను నిలబెట్టి, నెమ్మదిగా 50 తీసి, అందులో ముచ్చటైన అయిదు ఏరి పంపుతారు. ఇది పెళ్లిచూపులకు పక్కింటి నగలు పెట్టుకెళ్లడం లాంటిది.

ప్రక్రియ సామర్థ్యం లెక్క కూడా వరసగా తీసిన ఆ 300 పీసుల్లోంచే రావాలి. మన పిన్ను గ్రైండింగ్‌లో ప్రామాణిక విచలనం (కొలతలు సగటు చుట్టూ ఎంత చెదురుతాయో చెప్పే అంకె) 1.2 మైక్రాన్లు అనుకుందాం. 13ను దానికి ఆరింతలైన 7.2తో భాగిస్తే 1.8. చూడ్డానికి దివ్యంగా ఉంది. సగటు మధ్య నుంచి రెండు మైక్రాన్లు పక్కకు జరిగిందంటే, ఒక వైపు మిగిలింది నాలుగున్నర. దాన్ని విచలనానికి మూడింతలైన 3.6తో భాగిస్తే సీపీకే, అంటే సగటు జరిగిన తేడాను కూడా లెక్కలోకి తీసుకున్న సామర్థ్యం, 1.25కు పడిపోతుంది. ఆమోదానికి మామూలుగా అడిగేది 1.67. 1.33 కంటే తక్కువైతే ఒప్పుకోరు. ఇక్కడ మిషన్ బాగానే ఉంది, సెట్టింగే పక్కకు జరిగింది. అంటే కొత్త మిషన్ కొనక్కర్లేదు, వీల్ డ్రెస్సింగ్ (గ్రైండింగ్ చక్రం పైపొరను సాపు చేయడం) తర్వాత సెట్టింగ్ ఎంత తరచుగా సరిచూడాలో తేల్చాలి. ఏరిన అయిదు పీసులతో వేసిన లెక్కలో ఈ తేడా ఎప్పటికీ బయటపడదు.

ఎఫ్‌ఎంఈఏ గురించి ఒక మాట. ఏమేం చెడిపోవచ్చు, చెడితే ఎంత తీవ్రం, ఎంత తరచు, ముందే పట్టుకోగలమా అని ఒక్కోదానికి పదికి మార్కులేసే పట్టిక ఇది (ఎక్కువ మార్కులంటే ఎక్కువ ప్రమాదం). మూడింటినీ గుణించి వంద దాటితేనే చర్య తీసుకోవాలన్న వాడుక మన దగ్గర ఇంకా పోలేదు. విరిగే పిన్నుకు తీవ్రత 9, సంభవం 2, గుర్తింపు 5 వేస్తే 90. మచ్చ పడ్డ పూతకు 3, 6, 6 వేస్తే 108. పట్టిక మాట వింటే మచ్చ మీద మీటింగ్ పెట్టి, మనిషి ప్రాణం తీయగల పిన్నును వదిలేయాలి. 2019లో వచ్చిన కొత్త పుస్తకం గుణకారాన్ని తీసేసి, తీవ్రతకు పెద్దపీట వేస్తూ ఎక్కువ, మధ్యస్థం, తక్కువ అని ప్రాధాన్యం ఇచ్చింది. అయినా వంద దాటకుండా 96 వచ్చేలా అంకెలు సర్దే చెయ్యి ‘మధ్యస్థం’ వచ్చేలా కూడా సర్దగలదు. టూల్ ఆర్డరు ఇవ్వకముందే, సెటర్నీ మెయింటెనెన్స్ వాళ్లనీ కూర్చోబెట్టి ఆ పట్టిక నింపితే సర్దాల్సిన అవసరమే రాదు. క్వాలిటీ విభాగంలో ఒక్కడు రాత్రి కూర్చుని నింపితే అది కవిత్వం.

ఆ పట్టికలోంచే కంట్రోల్ ప్లాన్ పుట్టాలి. ప్రక్రియ పటంలో 30వ ఆపరేషన్ గ్రైండింగ్ అయితే ఎఫ్‌ఎంఈఏలోనూ కంట్రోల్ ప్లాన్‌లోనూ 30 అంటే గ్రైండింగే కావాలి. ఆడిటర్లు మొదట చూడాల్సింది ఇదే, చాలా ఫైళ్లు ఇక్కడే దొరికిపోతాయి. చివరి గడిలో, తేడా వస్తే ఏం చేయాలో రాయాలి. మన ప్లాన్లలో అక్కడ ‘సూపర్‌వైజర్‌కు చెప్పాలి’ అని ఉంటుంది. సూపర్‌వైజర్ ఏం చేయాలి? మిషన్ ఆపాలి. కిందటి సరైన తనిఖీ నుంచి తీసిన పీసులన్నీ ఎర్ర పెట్టెలో వేయాలి. ప్రతి ఒక్కటీ కొలవాలి. సెట్టింగ్ సరిచేసి మళ్లీ ఫస్ట్ పీస్ ఆమోదం తీసుకున్నాకే నడపాలి. గంటకు 120 పిన్నులు తీస్తూ రెండు గంటలకోసారి కొలిస్తే, తేడా దొరికినప్పుడు అనుమానం 240 పిన్నుల మీద. ఆ 240 అప్పటికే ప్లేటింగ్‌కు పోయుంటే ఎలా వెనక్కి తెస్తారు? రెండు గంటలా, అరగంటా అన్నది ఈ ప్రశ్నను బట్టి తేలాలి గానీ, పాత ప్లాన్‌లో ఏముంటే అది కాదు.

ఇదంతా చిన్న యూనిట్ల చేతకానితనం అనుకుంటే పొరపాటు. జనరల్ మోటార్స్ కారు ఇగ్నిషన్ స్విచ్ తిరగడానికి కావలసిన బలం 20 న్యూటన్-సెంటీమీటర్లు, అయిదు అటూ ఇటూ ఉండాలని డ్రాయింగ్‌లో ఉంది. స్విచ్ అంత బిగువుగా లేదని అభివృద్ధి దశ పరీక్షల్లోనే తేలినా 2002లో ఆమోదం ఇచ్చేశారు. తాళాల గుత్తి బరువుకో, మోకాలు తగిలో స్విచ్ జారితే ఇంజను ఆగిపోయేది, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునేది కాదు. 2006లో లోపలి భాగాన్ని మార్చారు, పార్ట్ నంబరు మాత్రం మార్చలేదు. దాంతో పాత కార్లకూ కొత్త కార్లకూ తేడా ఎక్కడుందో ఏళ్ల తరబడి దొరకలేదు. 2014లో దాదాపు 26 లక్షల కార్లను వెనక్కి పిలిచారు. పరిహార నిధి 124 మరణాలను ఒప్పుకుంది. ఏపీక్యూపీ పుస్తకం రాసిన ముగ్గురిలో ఒకరి సంగతి ఇది. మార్పు చేస్తే నంబరు మార్చి మళ్లీ ఆమోదం తీసుకోవాలన్నది వాళ్ల నియమమే.

కొనుగోలుదారుల తప్పు కూడా ఉంది. శుక్రవారం సాయంత్రం డ్రాయింగ్ పంపి సోమవారానికి రేటు కావాలంటారు. ప్లేటింగ్ ముందా తర్వాతా అని అడిగిన యూనిట్ పని రానట్టు కనిపిస్తుంది, అడగని యూనిట్ అగ్గువకు కోట్ చేసి ఆర్డరు తీసుకుంటుంది. ఈ ఆటలో అడిగినవాడు ఓడిపోతున్నంత కాలం ఎన్ని శిక్షణ తరగతులు పెట్టినా ఉపయోగం తక్కువ. పెద్ద కంపెనీలు రేటు అడిగే పత్రంతో పాటే ప్రశ్నల పట్టిక పంపి, దానికి జవాబు లేని కొటేషన్‌ను తెరవబోమని చెప్పాలి.

ప్రభుత్వం వైపు చూస్తే, 2022లో కొత్త రూపంలో వచ్చిన జెడ్ (చిన్న పరిశ్రమల నాణ్యతకు కేంద్రం ఇచ్చే ధ్రువీకరణ) పథకంలో ధ్రువీకరణ ఖర్చులో సూక్ష్మ యూనిట్లకు 80 శాతం, చిన్నవాటికి 60, మధ్యతరహావాటికి 50 శాతం సబ్సిడీ ఉంది. మంచిదే, గోడ మీద సర్టిఫికెట్ వేలాడుతుంది. కానీ 13 మైక్రాన్లు కొలిచే సాధనాన్ని నలభై మంది పనిచేసే యూనిట్‌కు ఒంటరిగా కొని పెట్టుకునే స్తోమత ఉండదు. బాలానగర్‌లో 1968 నుంచి కేంద్ర టూల్ డిజైన్ సంస్థ ఉంది, గేజ్ డిజైన్ తెలిసినవాళ్లు అక్కడున్నారు. అలాంటి సాయం మల్లవల్లి, శ్రీసిటీ, పెనుకొండల చుట్టూ ఉన్న యూనిట్లకు నడిచి వెళ్లేంత దూరంలో కావాలి. రెండు రాష్ట్రాల పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థలు ఏపీఐఐసీ, టీజీఐఐసీ ప్రతి పెద్ద పారిశ్రామిక వాడలో ఒక షెడ్డును దీనికి వదిలితే చాలు. 20 డిగ్రీల గది, మూడు దిశల్లోనూ కొలిచే సీఎంఎం మిషన్ ఒకటి, ఒక మైక్రాన్ కంపారేటర్లు, గట్టితనం పరీక్షించే మిషన్, పూత మందం కొలిచే మీటర్, గంట చొప్పున అద్దె. వాటికంటే ముఖ్యం, కొటేషన్ పంపకముందు డ్రాయింగ్ పట్టుకెళ్తే గంటసేపు కూర్చుని చదివి పెట్టే అనుభవజ్ఞుడు ఒకరు. పదవీ విరమణ చేసిన టూల్‌రూమ్ మనుషులు మన రెండు రాష్ట్రాల్లోనూ కావలసినంత మంది ఉన్నారు. పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా వాళ్లను ఆ షెడ్డులో కూర్చోబెట్టి రోజుకింత అని ఇస్తే కాదనరు.

— ఒక పాఠకుడు,
బాలానగర్, హైదరాబాద్